లీనియర్‌కు ఏ ట్యూబు? బెజవాడ కరెంటు, బెజవాడ ఎండ లెక్కలో పెట్టుకుని

హ్యామ్ రేడియోకు (సరదాగా నడుపుకునే సొంత రేడియో స్టేషనుకు) లీనియర్ యాంప్లిఫయర్, అంటే సెట్టు సిగ్నల్‌ను రూపం చెడకుండా పెంచే పెట్టె, కట్టుకోవాలనుకునేవారు చాలామంది ముందుగా చూసేది వాక్యూమ్ ట్యూబు డేటాషీటులోని ప్లేట్ డిసిపేషన్ అంకె, అంటే ట్యూబు ప్లేటు తట్టుకోగల వేడి. 250 వాట్ల ట్యూబు కంటే 500 వాట్లది మేలనీ, 1,500 వాట్లది దొరికితే ఇక తిరుగులేదనీ అనిపిస్తుంది. విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని కట్టేవారికి ఈ పద్ధతి అంతగా పనికిరాదు. ఇక్కడ ట్యూబు ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చే విషయాలు వేరే ఉన్నాయి. సాయంత్రం ఏడింటికి ప్లగ్గులో ఎన్ని వోల్టులు ఉంటున్నాయి? కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ ట్యూబు ఏం కోరుతుంది? గదిలో గాలి ఎంత వేడిగా ఉంటుంది? ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే మనిషి ఎన్ని వోల్టుల దాకా నమ్మకంగా చుట్టగలడు? వీటికి జవాబులు రాసుకున్నాక డేటాషీటు తెరిస్తే సగం ట్యూబులు వాటంతటవే పక్కకు పోతాయి.

అంతకంటే ముందు, అసలు ఎంత పవర్ కావాలో తేల్చుకోవాలి. మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సుకు పరిమితి 400 వాట్లు, రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు 50 వాట్లు. అందువల్ల లీనియర్ మాట జనరల్ గ్రేడు వారిదే. 100 వాట్ల రిగ్గు (రేడియో సెట్టు) నుంచి 400 వాట్లకు వెళ్తే పెరిగేది 6 డెసిబెల్స్, అంటే అవతలివారి సిగ్నల్ మీటరు మీద ఒక్క ఎస్ యూనిట్ (ఒక్క మెట్టు). 400 నుంచి 1,000 వాట్లకు వెళ్తే ఇంకో 4 డెసిబెల్స్ వస్తాయి, అది ఒక్క యూనిట్ కూడా కాదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ చిన్న లాభం కోసం పెట్టే ఖర్చు, మోసే ట్రాన్స్‌ఫార్మర్ బరువు, అపార్టుమెంటులో పక్కింటి వారితో వచ్చే పేచీ దేనికీ సరిపోవు. అయితే మొదటి ఒక్క యూనిట్‌ను తక్కువ చేసి చూడకూడదు. వేసవి రాత్రి 7 మెగాహెర్ట్‌జ్ మీద ఎక్కడెక్కడి ఉరుముల గరగరో నిండిపోయినప్పుడు, మాట అర్థమవడానికీ కాకపోవడానికీ మధ్య ఉండే తేడా సరిగ్గా అంతే.

400 వాట్లు బయటికి రావాలంటే, సామర్థ్యం 60 శాతం అనుకుంటే ప్లేటుకు దాదాపు 670 వాట్లు ఇవ్వాలి. మిగిలిన 270 వాట్లు ట్యూబులో వేడిగా మారుతాయి. మాటలకైతే ఇది క్షణకాలపు గరిష్ఠం మాత్రమే. సగటు చాలా తక్కువ కాబట్టి ట్యూబు ఊపిరి పీల్చుకుంటుంది. కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి ఎఫ్‌టీ8లో అలా కాదు. ప్రతి 15 సెకన్ల విడతలో 12.64 సెకన్లు పూర్తి పవరుతో కీ నొక్కి పట్టినట్టే ఉంటుంది. ఈ రోజుల్లో ఎఫ్‌టీ8 వైపు చూడని హ్యాము అరుదు. అందుకని 270 వాట్లను నిమిషాల తరబడి తట్టుకునే ట్యూబు వెతకడమే సరైన లెక్క.

ఈ కొలతతో చూస్తే దొరికే ట్యూబులు ఇలా నిలుస్తాయి. 811ఎ ఒక్కొక్కటి 65 వాట్లు. నాలుగు కలిపితే 260, మాటలకు సరిపోతాయి, ఎఫ్‌టీ8కి పవర్ సగానికి తగ్గించుకోవాలి. కాలిన్స్ 30ఎల్-1లో ఉన్నవి ఈ నాలుగే, అమెరిట్రాన్ ఏఎల్-811హెచ్‌లో ఉన్నవీ ఇవే. అదే బేసు మీద కూర్చునే 572బీ 160 వాట్లది, జత చాలు. 813 మామూలు వాడకంలో 100, విడతలు విడతలుగా వాడితే 125 వాట్లు. సోవియట్ జీఐ-7బీ ఒక్కటే 350, జీయూ-74బీ ఒక్కటే 600. 4సీఎక్స్250బీ పేరులోనే 250 ఉంది, రెండు పెడితే దండిగా మిగులుతుంది. 3-500జెడ్ 500 వాట్లు. జీయూ-50 చవక, గట్టిది, కానీ 40 వాట్లే. నాలుగు పెట్టినా 200 వాట్ల యాంప్లిఫయర్ అవుతుంది తప్ప 400 కాదు. రెండో ప్రపంచ యుద్ధం మిగులు సరుకుగా వచ్చి మన పాత హ్యాముల చేతుల్లో ఎంతో తిరిగిన 807 గౌరవనీయమైన ట్యూబే గానీ, 25 వాట్లతో ఈ పనికి చాలదు. 8877 లాంటి 1,500 వాట్ల ట్యూబుకు మన లైసెన్సులో పనే లేదు.

ఇక ప్లగ్గు దగ్గరికి వద్దాం. వేసవిలో వీధి వీధంతా ఏసీలు వేసే వేళ 230 ఉండాల్సిన వోల్టేజి 200కు దిగడం, అర్ధరాత్రి దాటాక 250కి ఎగబాకడం ఈ ఊళ్లలో తెలిసిన సంగతే. ఎలక్ట్రాన్లు వెలువడేలా ట్యూబును లోపల కాచే హీటర్ (లేదా ఫిలమెంటు) వోల్టేజి చెప్పిన అంకెకు అటూ ఇటూ 5 శాతం లోపు ఉండాలన్నది చాలామంది తయారీదారుల మాట. 230 నుంచి 200 అంటే 13 శాతం తగ్గుదల. అప్పుడు 6.3 వోల్టుల ఫిలమెంటుకు అందేది 5.5. అదే 250 అయితే 6.85.

ఈ ఎగుడుదిగుళ్లకు ట్యూబులన్నీ ఒకేలా స్పందించవు. 811ఎ, 572బీ, 813, 3-500జెడ్‌లలో నేరుగా వెలిగే థోరియేటెడ్ టంగ్‌స్టన్ ఫిలమెంటు ఉంటుంది. జీఐ-7బీ, జీయూ-74బీ, 4సీఎక్స్250బీలలో హీటర్ వేరు, ఆక్సైడ్ పూసిన కాథోడ్ వేరు. ఆక్సైడ్ కాథోడ్ చల్లగా ఉన్నప్పుడు దాని నుంచి పూర్తి కరెంటు లాగితే పూత పాడవుతుంది. మళ్లీ బాగుచేయడానికి వీలుండదు. థోరియేటెడ్ ఫిలమెంటు కూడా తక్కువ వేడిలో ఎక్కువ పని చేయించుకుంటే నష్టపోతుంది గానీ, దాంతో ఒక సౌకర్యం ఉంది. అవుట్‌పుట్ తగ్గనంత మేరకు ఫిలమెంటు వోల్టేజిని కాస్త దించి నడిపితే ఆయుష్షు బాగా పెరుగుతుంది. ఎక్కువ వోల్టేజి మాత్రం థోరియాన్ని ఆవిరి చేసేస్తుంది. అందుకే ఏ ట్యూబు పెట్టినా ఫిలమెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ను హెచ్‌టీ (ప్లేటుకు ఇచ్చే హై వోల్టేజి) ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వేరుగా ఉంచి, దానికి చిన్న సర్వో స్టెబిలైజర్ ఇవ్వడం మంచిది. ఫ్రిజ్‌కు పెట్టే రిలే రకం స్టెబిలైజర్ మెట్లు మెట్లుగా మారుతుంది, మారే ప్రతిసారీ ఓ క్షణం సరఫరా తెగుతుంది.

కొలిచేది కూడా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాదు, సాకెట్ పిన్నుల మీద. నాలుగు 811ఎలకు కలిపి 16 ఆంపియర్లు పోతాయి. దారిలో తీగ, చౌక్, టంకం అతుకులు అన్నీ కలిసి 0.02 ఓమ్ నిరోధం ఉన్నా 0.32 వోల్టు అక్కడే మాయమవుతుంది. అంటే అనుమతించిన 5 శాతం మొత్తం ఆ అడుగున్నర తీగలోనే ఖర్చయిపోయింది. ఊరి కరెంటు చేసే అల్లరికి ఇక మిగిలిందేమీ లేదు.

కరెంటు పోవడం ఇంకో కథ. 811ఎ, 813 లాంటివి వెలిగించిన రెండు మూడు సెకన్లలో సిద్ధం. కరెంటు పోయి వచ్చినా పెద్ద బాధ లేదు. జీయూ-74బీకి రెండున్నర నిమిషాలు, 3సీఎక్స్800ఎ7కు మూడు నిమిషాలు హీటర్ కాగాలి. అది కాగకముందే హెచ్‌టీ పడి, మనిషి మైకు నొక్కాడంటే ట్యూబు దెబ్బతిన్నట్టే. టైమర్ ఉంటే చాలదా అంటే, ఏ టైమర్ అన్నది ముఖ్యం. కెపాసిటర్ నెమ్మదిగా నిండడం మీద ఆధారపడిన సాదా టైమర్, సరఫరా కొద్దిసేపే పోయి వస్తే పూర్తిగా ఖాళీ అవదు. రెండోసారి మూడు నిమిషాలకు బదులు ముప్పై సెకన్లకే తలుపు తీసేస్తుంది. సరఫరా తెగిన ప్రతిసారీ సున్నా నుంచి లెక్కపెట్టే టైమర్ పెట్టాలి. నేరుగా వెలిగే ఫిలమెంట్లకు వేరే ఇబ్బంది ఉంది. చల్లగా ఉన్నప్పుడు వాటి నిరోధం చాలా తక్కువ, కరెంటు వచ్చిన క్షణంలో ఎన్నో రెట్లు ఎక్కువ ఆంపియర్లు దూసుకెళ్తాయి. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే వీధిలో సాఫ్ట్ స్టార్ట్ (కరెంటును మెల్లగా ఎక్కించే ఏర్పాటు) లేకుండా 813 నడపడం దాని ఫిలమెంటును రోజూ నాలుగు కుదుపులు కుదపడమే.

జీఐ-7బీ, జీయూ-74బీ లాంటి రెక్కల కూలర్ ఉన్న సిరామిక్ ట్యూబులకు కరెంటు పోయిన క్షణంలో మరో ప్రమాదం. బ్లోయర్ ఆగిపోతుంది, కూలర్‌లో నిలిచిన వేడి సీళ్ల (లోహం సిరామిక్‌తో కలిసే అతుకుల) వైపు పాకుతుంది. ఇక్కడ మన ఇళ్లలోని ఒక ఏర్పాటు చక్కగా కలిసొస్తుంది. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంది. జీఐ-7బీ హీటర్ 24 వాట్లు, జీయూ-74బీది 45 వాట్లు. మామూలు బ్లోయర్ కలిపినా మొత్తం 100 వాట్లు దాటదు. కాబట్టి హీటరు, బ్లోయరు, టైమరు ఇన్వర్టర్ లైను మీద, హెచ్‌టీ మాత్రం నేరు కరెంటు మీద పెడితే ఆక్సైడ్ కాథోడ్‌తో ఉన్న చిక్కు చాలావరకు తీరుతుంది. కరెంటు పోయినా కాథోడ్ కాగే ఉంటుంది, గాలి ఆడుతూనే ఉంటుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దై ఉండాలన్నదే షరతు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద బ్లోయర్ మోటారు గుంయ్‌మని కాగుతుంది, రిసీవర్ నిండా రొద వస్తుంది, సాదా మల్టీమీటరు హీటర్ వోల్టేజిని తప్పుగా చూపిస్తుంది.

తుపాను సమయంలో లీనియర్ అక్కరకొస్తుందని కొందరు చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గానీ, 2024 సెప్టెంబరులో సింగ్ నగర్‌ను ముంచిన బుడమేరు వరద గానీ గుర్తు చేసుకుంటే, అలాంటి రోజుల్లో ముందుగా పోయేది కరెంటే. అప్పుడు పనికొచ్చేది బ్యాటరీ మీద నడిచే 100 వాట్ల రిగ్గు, గట్టిగా కట్టిన డైపోల్ యాంటెనా. ట్యూబు ఎంపికలో ఆ అవసరాన్ని కలపకపోవడమే మంచిది. హెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్‌ను నేల మీద పెట్టకుండా ఎత్తులో పెట్టడం మాత్రం బుడమేరు నేర్పిన జాగ్రత్త.

ఎండ విషయంలో కొంచెం అపోహ ఉంది. మే నెలలో విజయవాడ 44, 45 డిగ్రీలు తాకుతుంది. పల్నాడు వైపు రెంటచింతల పేరు చెప్పగానే చెమట పడుతుంది. ఇంత వేడిలో ట్యూబు ఎలా ఆగుతుందని అడుగుతారు. గాజు ట్యూబుల్లో ప్లేటు బాగా కాగి తన వేడిని కిరణాలుగా గాజులోంచి బయటికి పంపుతుంది. కొన్ని వందల డిగ్రీల దగ్గరున్న ప్లేటుకు గది వేడి 20 డిగ్రీలు పెరిగినా పెద్ద తేడా పడదు. గాలి తగలాల్సింది బేసు పిన్నులకు, పై టోపీకి. 3-500జెడ్‌కు ఈ గాలి తప్పనిసరి, దాని పిన్నుల సీళ్లు 200 డిగ్రీలు దాటకూడదు. సిరామిక్ ట్యూబుల లెక్క వేరు, వేడంతా గాలే మోసుకుపోవాలి. నిమిషానికి 20 ఘనపుటడుగుల గాలి 300 వాట్లను మోస్తే ఆ గాలి సుమారు 26 డిగ్రీలు వేడెక్కుతుంది. 42 డిగ్రీల గదిలో బయటికొచ్చేది 68. ట్యూబుకు ఇది ఫర్వాలేదు. 4సీఎక్స్250బీ సీళ్లకు 250 డిగ్రీల దాకా అనుమతి ఉంది. ఆ 68 డిగ్రీల గాలి పెట్టెలోనే తిరిగి, మళ్లీ బ్లోయర్ నోట్లోకి వెళ్తేనే అసలు చేటు. పైగా ఎండకు ముందు లొంగేది హెచ్‌టీలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. కాబట్టి కెపాసిటర్ల అరను ట్యూబు అరకు దూరంగా, చల్లగాలి వచ్చే వైపు పెట్టాలి.

కూలర్ రెక్కల మధ్య సందు చాలా ఇరుకు. అందులోంచి గాలిని నెట్టడానికి కంప్యూటర్ ఫ్యాను లాంటిది చాలదు, ఒత్తిడి పెట్టగల బ్లోయర్ కావాలి. గుంటూరులో దీనికి తోడు దూది. జిన్నింగ్ మిల్లుల దగ్గరి ఇళ్లలో గాలిలో తేలే నూగు రెక్కల గాలి లోపలికి వెళ్లే అంచున పేరుకుని, మెత్తటి బూడిదరంగు తెరలా అతుక్కుంటుంది. పైనుంచి చూస్తే రెక్కలు మెరుస్తూ శుభ్రంగానే కనిపిస్తాయి. కింద టార్చి వేస్తేనే తెలుస్తుంది, మూడో వంతు సందులు మూసుకుపోయాయని. గాలి వచ్చే దారికి స్పాంజి ఫిల్టర్ పెట్టి, నెలకోసారి ఉతకాలి. ఈ ఓపిక లేనివారికి గాజు ట్యూబులే మేలు.

తర్వాతి ప్రశ్న ట్రాన్స్‌ఫార్మర్. వ్యవసాయ మోటార్లు చుట్టే వైండింగ్ షాపులు ఈ రెండు ఊళ్లలో వీధివీధినా ఉన్నాయి. పనితనం మంచిదే. కానీ వారి అలవాటు 415 వోల్టుల దాకా. 2,500 వోల్టుల సెకండరీ అడిగితే ఇన్సులేషన్ ఎక్కడో ఒకచోట లోపిస్తుంది. దానికి బదులు 800 వోల్టుల సెకండరీ చుట్టించి వోల్టేజ్ డబ్లర్ (వోల్టేజిని రెట్టింపు చేసే సర్క్యూట్) వాడితే లోడు లేనప్పుడు 2,260, లోడులో సుమారు 2,000 వోల్టులు వస్తాయి. పొర పొరకూ లెదరాయిడ్ కాగితం, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య మైలార్ వేయించి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టమని దగ్గరుండి చెప్పాలి. మైక్రోవేవ్ అవెన్ ట్రాన్స్‌ఫార్మర్ చవగ్గా వస్తుందని వాడడం వద్దు. దాని సెకండరీ ఒక చివర ఇనుముకే కలిపి ఉంటుంది, అది గంటల తరబడి నడవడానికి చేసిందీ కాదు. 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఎనిమిది వరుసగా కలిపి 2,250 వోల్టులు నింపితే దాదాపు 70 జౌళ్ల శక్తి నిల్వ ఉంటుంది. మనిషి ప్రాణం పోవడానికి అది చాలు. ప్రతి కెపాసిటర్‌కూ ఆ నిల్వను ఖాళీచేసే బ్లీడర్ రెసిస్టర్, మూత తీస్తే హెచ్‌టీని భూమికి కలిపే స్విచ్ లేకుండా పెట్టె మూయకూడదు.

2,000 వోల్టుల దగ్గర ఆగాలనుకుంటే 3-500జెడ్ ఆకర్షణ తగ్గిపోతుంది, అది 2,500 పైన గానీ తన బలం చూపదు. 811ఎకు 1,500 చాలు. 813, జీఐ-7బీ, జీయూ-74బీ 2,000 దగ్గర హాయిగా పనిచేస్తాయి. 4సీఎక్స్250బీకి 2,000 గరిష్ఠం.

వోల్టేజి ఎంచుకోగానే బ్యాండ్లు కూడా తేలిపోతాయి. 2,000 వోల్టులు, 0.33 ఆంపియరు అంటే ప్లేట్ లోడు సుమారు 3,400 ఓమ్‌లు. ట్యూబును యాంటెనాకు సరిపెట్టే π నెట్‌వర్క్ క్యూ (ట్యూనింగ్ ఎంత సన్నమో చెప్పే అంకె) 12 అనుకుంటే 28 మెగాహెర్ట్‌జ్ దగ్గర ట్యూనింగ్ కెపాసిటర్ 20 పికోఫారడ్లే ఉండాలి. 813 ఒక్కోదాని అవుట్‌పుట్ కెపాసిటెన్సే 14, జతకు 28. కెపాసిటర్ ఇంకా పెట్టకముందే లెక్క దాటిపోయింది. అందుకే 813ల జత 7, 14 మెగాహెర్ట్‌జ్‌ల మీద ఎంత బాగా పాడుతుందో 28 మీద అంతగా మొండికేస్తుంది. నాలుగు 811ఎలు తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి లోడు 1,900 ఓమ్‌లకు దిగుతుంది, 36 పికోఫారడ్ల దాకా చోటు దొరుకుతుంది, 28 కూడా అందుతుంది. జీఐ-7బీ పుట్టిందే మైక్రోవేవ్ పల్సుల కోసం, దాని కెపాసిటెన్స్ చాలా తక్కువ. 28 దాని ముందు లెక్కలోది కాదు.

డ్రైవ్ చేసే రిగ్గును బట్టి కూడా దారి మారుతుంది. గ్రిడ్‌ను భూమికి కలిపి కాథోడ్‌కు డ్రైవ్ ఇచ్చే గ్రౌండెడ్ గ్రిడ్ ట్రయోడ్లకు 50 నుంచి 70 వాట్లు కావాలి, 100 వాట్ల రిగ్గు ఉన్నవారికి అది సరిగ్గా అతుకుతుంది. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ లాంటి సెట్టుతో 5, 10 వాట్లే వస్తాయి. దానితో ట్రయోడ్‌ను నడిపితే 400 రాదు. అప్పుడు గ్రిడ్‌కు డ్రైవ్ ఇచ్చే టెట్రోడ్ (స్క్రీన్ అనే రెండో గ్రిడ్ ఉన్న ట్యూబు) కావాలి. 4సీఎక్స్250బీకి కొద్ది వాట్లు చాలు. కానీ టెట్రోడ్‌తో స్క్రీన్ సప్లై కూడా వస్తుంది. స్క్రీన్ వోల్టేజి కదిలితే మాట వక్రమై పక్క ఫ్రీక్వెన్సీల్లోకి చిందుతుంది. స్క్రీన్ కరెంటు వెనక్కి కూడా పారుతుంది కాబట్టి రెగ్యులేటర్ రెండు వైపులా పట్టుకోగలగాలి. ప్లేటు వోల్టేజి లేకుండా స్క్రీన్‌కు వోల్టేజి అందితే స్క్రీన్ క్షణాల్లో కాలిపోతుంది, దానికి ఇంకో రక్షణ సర్క్యూట్. తొలిసారి కట్టేవారికి ఇదంతా భారమే. 4సీఎక్స్250బీ సాకెట్‌లో స్క్రీన్ బైపాస్ కెపాసిటర్ కలిసే ఉంటుంది. చాలాసార్లు ఆ సాకెట్ ధర ట్యూబు ధరను మించుతుంది.

జీఐ-7బీకి సాకెట్టే అక్కర్లేదు. గ్రిడ్ రింగును అల్యూమినియం పలకకు ఆనించి, కాథోడ్‌కు పట్టీ చుడితే సరి. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా ఆ పలకకు కొలత ప్రకారం రంధ్రం తీసి, అంచు నున్నగా చేసి ఇస్తారు. ఒక్క జాగ్రత్త: రింగును స్క్రూలతో గట్టిగా పిండకూడదు. వేడికి వ్యాకోచించేందుకు ఫాస్ఫర్ బ్రాంజ్ వేళ్ల మీద ఆనించాలి, లేకపోతే సిరామిక్ చిట్లుతుంది.

సాలిడ్ స్టేట్ సంగతీ చెప్పుకోవాలి. 50 వోల్టుల ఎల్‌డీమాస్ ట్రాన్సిస్టర్ ఒక్కటి కిలోవాట్ పైన ఇస్తోంది, ప్రాణాంతకమైన హెచ్‌టీ లేదు, వార్మప్ లేదు. 400 వాట్లకు అది నిజంగా గట్టి పోటీదారు. కానీ యాంటెనా కోతి లాగిన తీగలా వేలాడుతూ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా ఎంత పొసగడం లేదో చెప్పే అంకె) మూడుకు చేరినప్పుడు, ట్యూబుతో అయితే π నెట్‌వర్క్‌ను తిప్పి సర్దుకోవచ్చు. క్షణకాలపు పొరపాటును ట్యూబు క్షమిస్తుంది, ట్రాన్సిస్టర్ క్షమించదు. డాబా మీద సరైన యాంటెనాకు చోటు లేని ఊరి మధ్య ఇళ్లకు ఈ గుణం విలువైనది.

ఇన్నీ కలిపి చూస్తే, 7, 14 మెగాహెర్ట్‌జ్‌ల మీద మాటలే ముఖ్యమైన తొలిసారి కట్టేవారికి 813ల జత లేదా నాలుగు 811ఎలు. 572బీలు సరసమైన ధరకు దొరికితే ఇంకా మంచిది. ఇన్వర్టర్ లైను, మంచి టైమరు, నెలనెలా రెక్కలు తుడిచే అలవాటు ఉన్నవారికి ఒక్క జీఐ-7బీ పెట్టిన డబ్బుకు మించి ఇస్తుంది. ఎఫ్‌టీ8 మీద గంటలు గడిపేవారు, స్క్రీన్ రక్షణ కట్టగలిగినవారు టెట్రోడ్ అయిన జీయూ-74బీ వైపు వెళ్లాలి. 270 వాట్లు దానికి సగం పని కూడా కాదు.

సోవియట్ ట్యూబులు చాలావరకు దశాబ్దాల కిందట డబ్బాలో పెట్టిన సరుకు. లోపల కొద్దిగా గ్యాస్ చేరి ఉంటుంది. రాగానే హెచ్‌టీ ఇస్తే లోపల మెరుపు కొట్టి గ్రిడ్ పోవచ్చు. ముందు బ్లోయర్ నడుపుతూ హీటర్ ఒక్కటే ఒక రోజంతా వెలిగించి ఉంచాలి. తర్వాత వేరియాక్‌తో (వోల్టేజిని తిప్పి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్‌తో) 500 వోల్టుల దగ్గర మొదలుపెట్టి, ప్రతి మెట్టు దగ్గరా కొన్ని గంటలు ఆగి, ప్లేటు కరెంటు దానంతట అది పాకుతోందేమో చూస్తూ పైకి వెళ్లాలి. హెచ్‌టీ దారిలో 50 ఓమ్‌ల, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి ఉంటే మెరుపు వచ్చినా అదే దెబ్బ తింటుంది. కొనేటప్పుడు ఒకటి అదనంగా, ఒకే తయారీ సంవత్సరం ముద్ర ఉన్నవి అడగాలి. అమ్మినవారు వాపసుకు ఇచ్చిన గడువు దాటకముందే అదనపు ట్యూబుకు కూడా ఈ పరీక్ష పూర్తిచేయాలి.